కాటా చీటీ

చేపల పారినాయుడు అమ్మేసిన బండి ఇది.
ఎనిమిదేళ్లు సంతలన్నీ
ఐసు నీళ్లు కార్చుకుంటూ తిరిగింది.
నిమ్మతొక్కలతో, బూడిదతో, ఆఖరికి సాంబ్రాణితో వదిలించినా
వాన చినుకు పడితే చాలు
తొట్టిలోంచి ఒక బొమ్మిడాయి నిద్ర లేస్తుంది.

గున్నమ్మక్కకి డ్రైవింగ్ వచ్చు, నాకు కుట్టు వచ్చు.
కొండల్లోకి పోయి పడుకోడానికి
ఇంకేం కావాలో మాకప్పటికి తెలీదు.

వెల్డింగు బిసోయి చెప్పాడు:
పైన కేరియర్ కట్టమంటే కడతాను,
కొండ వొంపులో బండికి తల బరువెక్కితే
చక్రాలు నీ మాట వినవు.
అలా నీళ్ల డ్రమ్ము పైనుంచి కిందికొచ్చి
క్యాబిను వీపుకి చేరబడి కూర్చుంది.
గాలి పంపు, రెండు స్టెప్నీలు, తాడు, జాకీ,
జాకీ కింద పెట్టుకునే చెక్కముక్క.
ఈ చెక్కముక్క ఊసు ఎవరూ చెప్పరు.
మెత్తటి నేలలో జాకీయే దిగబడిపోయాక
దానంతటదే గుర్తొస్తుంది.

పందిరి నేనే కుట్టాను,
షామియానా వాళ్లు పారేసిన టార్పాలిన్‌తో.
పుట్టి బుద్ధెరిగాక జాకెట్లే చూసిన మిషను
మూడు సూదులు విరుచుకుని ఒప్పుకుంది.
మంచమంటే ఒక ప్లైవుడ్ చెక్క,
దాని కింద బియ్యం, కిరసనాయిలు స్టవ్వు,
అక్క వద్దన్నా దూర్చిన పెద్ద కుక్కరు.

గుణుపురం రైసుమిల్లు కాటా మీదికి ఎక్కించాం.
గుమస్తా పాణిగ్రాహి చీటీ రాస్తూ
సరుకేంటని అడిగాడు.
బియ్యం కాదు, జీడిపిక్కలు కాదు, అమ్మేదేమీ లేదు.
"పడుకోడానికి ఎల్తన్నాం బాబూ" అంది అక్క.
కళ్లజోడు పైకి నెట్టుకుని
ఆ గడిలో ఒరియాలో ఏదో గీకాడు.
నాకు ఒరియా నోటికే గాని కంటికి రాదు.
అంకెలు మాత్రం చదివాను, గుండె ఝల్లుమంది.
కుక్కరు అక్కడే దిగిపోయింది.

పుట్టాసింగి దారిలో తారు అయిపోయిన చోట
అక్క బండాపి టైర్లలో గాలి కొంచెం తీసింది.
"బరువెక్కువైనోడు చెప్పు వదులు చేసుకోడా?" అంది.
రాళ్ల మీద నిజంగానే బండి
చెప్పులు వదులైన మనిషిలా నడిచింది.

ఎండిన గెడ్డలో తెల్లటి ఇసక.
ఇంతకన్నా మెత్తటి పడక ఎవరిస్తారు?
బానెట్ మీద స్టీలు గ్లాసు పెట్టి
నీళ్లు వాలకుండా నిలిచేదాకా
వెనక చక్రం కింద రాళ్లు పేర్చాం.
స్టవ్వు అంటుకుంది. టీ మరిగింది.

అప్పుడొచ్చాడు సింగా గొమాంగో,
మనవడి భుజమ్మీద చెయ్యేసుకుని.
మా పందిరిని చూసి బాగుందన్నాడు,
ఇసకని చూసి ఏమీ అనలేదు.
పడమటి కొండకేసి గడ్డం ఎత్తి
"పాణి" అన్నాడు. ఒక్క మాటే.

ఇక్కడ మబ్బయినా లేదే!
అయినా అక్క స్టవ్వు ఆర్పేసింది.
ఇంజను గీపెట్టింది, చక్రాలు తిరిగిన చోటే తిరిగాయి,
ఇసక మోకాళ్ల దాకా తోడుకుపోయింది.
తాత చక్రాల వైపు చూశాడు, తర్వాత మా మంచం వైపు చూశాడు.
నాకు అర్థమయింది, చెప్పబుద్ధి కాలేదు.
ప్లైవుడ్ లాగి చక్రం కింద వేశాం.
ఫెళఫెళమంది గాని విరగలేదు.
బండి గట్టెక్కింది.

అర్ధరాత్రి గెడ్డ వచ్చింది.
ముందు చప్పుడు, ఎవరో మూటలు ఈడ్చుకొస్తున్నట్టు.
టార్చి వెలుగులో చూస్తే
మేం పేర్చిన రాళ్లు లేవు, ఇసకా లేదు.
మరిచిపోయిన గ్లాసూ పోయింది.

ఆ కుర్రాడు అయిదో తరగతి.
చూడటానికొచ్చి మాతోనే కూర్చున్నాడు.
చీటీ ఇచ్చి ఆ గడిలో ఏముందో చదవమన్నాను.
వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు:
"ఖాలీ."

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.
బండి కుదిలిపోయేలా నవ్వింది.

పడుకున్నాం.
చెక్క మీద అడ్డంగా టైరు అచ్చు,
తడి మట్టి, వీపుకి గట్టులు గట్టులుగా తగులుతోంది.
దుప్పటి మడత వేస్తే పోతుంది గాని
లేవబుద్ధి కాలేదు.
అడుగున ఎక్కడో బొమ్మిడాయి
నీళ్ల చప్పుడు వింటోంది.